గొర్రెలకు మూతివాపు: కారణం నుసుములేనా?

ప్రశ్న: మహబూబ్‌నగర్ జిల్లాలో మాకు అరవై నెల్లూరు గొర్రెలు ఉన్నాయి. వానలు వెనుకబట్టాక నాలుగింటికి జ్వరం వచ్చి, మూతి వాచి, చొల్లు కారుతోంది. ఒకటి గిట్టల పైభాగం ఎర్రబడి మోకాళ్లపై మేస్తోంది. పక్కనున్న మేకలకు ఏమీ కాలేదు. ఇది అంటుకునే రోగమా?

జవాబు 1: మీరు చెప్పిన లక్షణాలు నీలినాలుక వ్యాధిని పోలి ఉన్నాయి, అయినా పశువైద్యునికి చూపించి రక్తపరీక్షతోనే నిర్ధారించుకోవాలి. దీని వైరస్ ఒక గొర్రె నుంచి మరొకదానికి ప్రధానంగా క్యూలికాయిడిస్ అనే నుసుముల కాటు వల్లే చేరుతుంది. మేకలు, పశువులు పైకి జబ్బు కనిపించకుండానే ఆ వైరస్‌ను మోయగలవు కనుక వాటిని నమ్మి ఊరుకోకండి. మనుషులకు ఇది సోకదు.

జవాబు 2: ఈ నుసుములు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లే ఉంటాయి, మామూలు దోమతెర కళ్లలోంచి దూరిపోతాయి. పేడ కలిసిన తడి బురదలో పెరిగి, పొద్దుగూకే వేళ ఎక్కువగా కుడతాయి. అందుకే దొడ్డి చుట్టూ, ముఖ్యంగా నీళ్లతొట్టి కారే చోట, బురద లేకుండా చూసి మందను చీకటి పడకముందే లోపలికి తోలండి. వేపాకు పొగ కొంత ఉపశమనమే తప్ప రక్షణ కాదు.

జవాబు 3: వైరస్‌ను చంపే మందు లేదు. నోటి పుండ్లను పొటాషియం పర్మాంగనేట్ పలుచని ద్రావణంతో కడిగి, గంజి, జావ పట్టించండి. ఈ వైరస్‌లోని ఐదు రకాలపై పనిచేసే టీకా మన దేశంలోనే తయారైంది. దానిని వచ్చే ఏడాది వానలకు ముందే వేయించండి.