అప్‌డేట్: ఏటీవీ రీకాల్ సంగతి తేలింది
మొన్న అడిగిన గదా, మా బత్తాయి తోటల మందు ట్యాంకు గుంజే ఏటీవీకి (పొలాలల్ల తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) రేస్ వదిలినా స్పీడ్ తగ్గుతలేదు, రీకాల్ (లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుజేసుడు) వచ్చిందంటున్నరు నిజమేనా అని. నిజమే. ఫ్రేమ్ మీద బురద గోకి 17 అంకెలు అక్షరాలుండే విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) ఫోటో కంపెనోళ్లకు పంపితే మన బండి కూడా లిస్టుల ఉందన్నరు. నల్గొండల షోరూమోళ్లు ముందుగాల పైసలడిగిండ్రు, రీకాల్ అంటే ఫ్రీ గదన్నా అనంగనే సప్పుడు జేయకుండ రాసుకున్నరు. విప్పి చూస్తే రేస్ కేబుల్ తొడుగు హ్యాండిల్ కాడ చీలింది, లోపల తీగ పోగులు లేచి దానికే తట్టుకుంటున్నయ్, ఇగ వెనక్కెట్ల పోతది! గ్రీజు పెడితే చాలన్న అన్నలకు దండం. కొత్త కేబుల్ ఏసిండ్రు, ఇప్పుడు వదలంగనే టక్కున దిగుతుంది. మీ బండి ఇంక చేపియ్యకుంటే నడపకుండ్రి, నడుస్తుండంగ రేస్ ఇరుక్కుంటే మాత్రం ఫస్టు కిల్ స్విచ్ (ఇంజన్ బంద్ చేసే బటన్) నొక్కుండ్రి.