తల్లిపాలు తీసే పంపు ఎంతసేపు పెట్టుకోవాలి? సీసా నిండేదాకా కూర్చుంటే కౌంటరు దగ్గర క్యూ పెరిగిపోతోంది

చిన్నిగాడి అమ్మ, కంచరపాలెం

అక్కలూ చెల్లెళ్లూ, పంపుతో పాలు తీసేటప్పుడు ఒక్కో విడతకి ఎన్ని నిమిషాలు తీయాలి? ఎప్పుడు ఆపాలి? అడిగినవాళ్లంతా తలో అంకె చెబుతున్నారు. మా ఆడపడుచు పది నిమిషాలు చాలంటుంది. ఎదురు ఫ్లాట్ ఆవిడ నలభై నిమిషాలైనా కూర్చోవాల్సిందే, లేకపోతే పాలు ఇంకిపోతాయని భయపెట్టింది. వీడియోల సంగతి చెప్పక్కర్లేదు.

నా పరిస్థితి ఇదీ. బీపీ వల్ల 26 వారాల సెలవులో ఆరు వారాలు కాన్పుకి ముందే వాడేసుకోవాల్సి వచ్చింది. మిగతా ఇరవై వారాలూ అయిపోయి పోయిన సోమవారం డ్యూటీలో చేరాను. బాబుకి నాలుగున్నర నెలలు దాటాయి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దన్నారు పిల్లల డాక్టరు గారు.

నాది బ్యాంకులో క్యాష్ కౌంటరు. ఏ బ్యాంకో, ఏ బ్రాంచో అడక్కండి. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే మళ్లీ ఇంటికి చేరేసరికి సాయంత్రం ఆరున్నర. మధ్యలో పదకొండున్నరకి ఒకసారి, మూడున్నరకి ఒకసారి పంపు పెట్టుకుంటున్నాను. గది లాంటిదేమీ లేదు. పాత వోచర్ల కట్టలు పేర్చిన రికార్డు రూము ఉంది. ఫ్యాను లేదు, తలుపు గడియ సరిగ్గా పడదు. మా అటెండరక్క స్టూలేసుకుని బయట కాపలా కూర్చుంటుంది. ఆవిడ లేకపోతే నేను రెండో రోజే ఉద్యోగం మానేసి ఉండేదాన్ని.

రెండువైపులా ఒకేసారి పెట్టుకునే కరెంటు పంపే. మొదటి పది పన్నెండు నిమిషాలు బాగానే వస్తాయి, తర్వాత చుక్కలు. సోమవారం పదిహేను నిమిషాలకి ఆపేశాను, రెండు సీసాలూ కలిపి 80 మిల్లీలీటర్లు. సీసా మీద గీతలేమో 180 దాకా ఉన్నాయి. సగం కూడా నిండలేదని ఏడుపొచ్చింది. బుధవారం పంతం పట్టి 45 నిమిషాలు కూర్చున్నా. 92 వచ్చాయి. ఆ పన్నెండు మిల్లీలీటర్ల కోసం చనుమొనలు కందిపోయి, రాత్రి బాబు నోరు పెడితే ప్రాణం పోయింది. పైగా ఆ రోజు ఒకటో తారీఖు. బయటికొచ్చేసరికి పింఛను తాతగార్ల క్యూ గుమ్మం దాటింది. ఒకాయన "అమ్మా, భోజనానికి వెళ్లావా, ఊరికెళ్లావా?" అన్నారు. మేనేజరు గారు ఏమీ అనలేదు గానీ గోడ గడియారం వైపు ఒకసారి చూశారు.

ఇంట్లో అత్తయ్య వాడికి మూడుసార్లు పాలు పడుతున్నారు, ఒక్కోసారి 150. సెలవులో ఫ్రీజరులో దాచినవి కరిగిపోతున్నాయి. ఆవిడకి నా మీద దిగులు. ఫిషింగ్ హార్బరు నుంచి పాలసొర తెప్పించి పిట్టు చేసి పెడుతున్నారు. పిట్టు అద్భుతం, కాదనను. కానీ సీసా నిండట్లేదు. ఇంకా ఎక్కువసేపు పెట్టాలా? చెప్పండి.

వైజాగ్ వాస్తవం

ఇంత అవస్థ ఎందుకండీ? డబ్బా పాలు పట్టేయండి. మా అన్నయ్య పిల్లలు అలాగే పెరిగారు, ఇద్దరూ ఇంజినీర్లు.

పాత నర్సమ్మ, మహారాణిపేట

పైన రాసిన బాబూ, ఆ అమ్మాయి అడిగింది అది కాదు.

చిన్నిగాడి అమ్మా, ప్రసూతి వార్డుల్లో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. నీలా సీసా గీతలు చూసి ఏడ్చినవాళ్లని చాలామందిని చూశాను. ముందు ఆ సీసా సంగతి తేలుద్దాం. అది నిండాలని ఎవరు చెప్పారు? కంపెనీవాడు 180 దాకా గీతలు గీశాడంటే నీ రొమ్ము అంత ఇవ్వాలని కాదు. రెండువైపులా కలిపి ఒక విడతకి 60 నుంచి 120 వస్తే మామూలే. నీ 80 బంగారంలాంటి 80.

ఇప్పుడు లెక్క చూడు. నెల నుంచి ఆరు నెలల దాకా తల్లిపాలు తాగే బిడ్డ రోజుకి సుమారు 750 తాగుతాడు, కాస్త అటూ ఇటూ. ఇరవై నాలుగు గంటలకి పంచితే గంటకి 30 చొప్పున పడుతుంది. నువ్వు తొమ్మిదిన్నర గంటలు బయట ఉంటావు, అంటే మూడొందలకి దగ్గర. మీ అత్తగారు పడుతున్నది 450. నీ పాలు తక్కువై స్టాకు కరగట్లేదమ్మా, వాడుక ఎక్కువై కరుగుతోంది. సీసా పీకలోంచి పాలు వాటంతట అవే దిగుతుంటే పిల్లాడు మింగక ఏం చేస్తాడు? కక్కుతున్నాడా కూడా? విడతకి 90, 100 చాలు. పిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు పట్టుకుని, సీసా అడ్డంగా ఉంచి, మధ్యమధ్యలో ఆపుతూ పట్టమను. ఉగ్గుగిన్నెతో పట్టే ఓపిక ఉంటే ఇంకా మేలు.

ఇక నిమిషాలు. గడియారం కాదు, ధార చూడాలి. పెట్టిన ఒకటి రెండు నిమిషాల్లో ధార మొదలవుతుంది, కాసేపు జోరుగా వస్తుంది, తర్వాత చుక్కల్లోకి దిగుతుంది. చుక్కలయ్యాక ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచి తీసెయ్. రెండువైపులా ఒకేసారి పెట్టేవాళ్లకి మొత్తం పదిహేను, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కోవైపు పెట్టే పంపైతే ఒక్కోదానికి పది, పదిహేను. అరగంట దాటితే వచ్చేది వాపూ పుండూ. నీకు బుధవారం జరిగింది అదే.

రొమ్మంటే ట్యాంకు కాదు, అడుగుదాకా తోడెయ్యడానికి. పాలు తయారవుతూనే ఉంటాయి. నిండుగా ఉంటే తయారీ నెమ్మదిస్తుంది, ఖాళీ అయితే జోరందుకుంటుంది. అందుకే ఒకసారి గంట కూర్చోవడం కంటే మూడుసార్లు పదిహేనేసి నిమిషాలు కూర్చుంటే పాలు పెరుగుతాయి. పొద్దున్నే అందరికీ ఎక్కువ ఉంటాయి. బాబు ఒకవైపు తాగుతుంటే రెండోవైపు పంపు పెట్టుకో, లేదా తాగాక అరగంటకి పెట్టుకో. అదే నీ మూడో విడత.

ఇంకో అనుమానం. కుడివైపు తక్కువ వస్తోందా? రొమ్ముకి ఆనించే గరాటు, ఫ్లాంజ్ అంటారే, అది పంపుతో వచ్చిందే వాడుతున్నావా? చాలా పంపులకి 24 మిల్లీమీటర్లదే ఇస్తారు. మనవాళ్లలో చాలామందికి అది వదులు. చనుమొన అడ్డం కొలత స్కేలుతో చూసుకో, దానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు కలుపుకున్న సైజు సరిపోతుంది. చనుమొన గొట్టంలో పక్కలకి రాసుకున్నా, చుట్టూ నల్లటి భాగం కూడా లోపలికి లాక్కుపోతున్నా సైజు తప్పినట్టే. లాగే జోరు కూడా నొప్పి తెలియనంత వరకే పెంచు. నొప్పి పుడితే ధార ఆగిపోతుంది.

ఒకవైపు ఎర్రబడి, గడ్డ కట్టి, చలిజ్వరం వస్తే మాత్రం ఇక్కడ రాస్తూ కూర్చోకు. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లు.

పెందుర్తి మామ్మ (మనవరాలు టైపు చేస్తోంది)

నర్సమ్మ సెప్పింది సక్కగ సెప్పింది. నాను సదువుకోలేదు, గేదెల్ని సాకినాను. నువ్వు ఎంతసేపు అని అడిగినావు గదా, మా వైపు సేపు అంటే ఇంకోటి కూడా ఉంది తల్లీ. గేదె పొదుగులోకి పాలు దిగడాన్ని సేపడం అంతాం, మీ పట్నమోళ్లు చేపు అంతారనుకుంతాను. దూడని ఇడిసి రెండు గుక్కలు తాగనిస్తే గేదె సేపుద్ది. అప్పుడు కూకుని పిండాల. సేపకుండ గంట పిండినా సెంబు తడవదు. సేపిన పాలు అయిపోనాక ఇంకా లాగినావా, కాలితో తన్నుద్ది. నిన్ను నువ్వు తన్నుకోలేవు గాబట్టి పుండు పడింది.

మరి నీ దూడ ఇంటికాడ ఉంది, నువ్వు బ్యాంకులో ఉన్నావు. ఎలగ సేపుద్ది? ఆడి సొక్కా ఒకటి ఉతక్కుండ సంచీలో ఏసుకుని పో. వాసన సూడు. పోనులో ఆడి బొమ్మ సూడు. సీసా కేసి సూడకు. సీసా మీద సాక్సు తొడిగీ.

(టైపు చేస్తున్న మనవరాలిగా ఒక మాట: ఇది మామ్మ నమ్మకం ఒక్కటే కాదు. బిడ్డ ఏడుపు విన్నా, వాసన తగిలినా ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పాలు దిగుతాయని మాకు నర్సింగ్ రెండో ఏడాదిలో చెప్పారు. దిగులూ హడావుడీ దాన్ని ఆపుతాయి.)

మధురవాడ తల్లి

సాక్సు చిట్కా నిజంగా పనిచేస్తుంది, నేనూ చేశాను! ఇంకొకటి: ధార చుక్కల్లోకి దిగగానే పంపు మీద మొదటి మోడ్ నొక్కండి, తేలిగ్గా టకటకా లాగేది. ఒకటి రెండు నిమిషాలు అలా ఉంచి, మళ్లీ నెమ్మదిగా గట్టిగా లాగేదానికి మార్చండి. చాలాసార్లు రెండో ధార వస్తుంది. చేత్తో పైనుంచి చనుమొన వైపు రాస్తూ ఉంటే ఇంకా మంచిది. ఇవన్నీ కలిపినా నాకు ఇరవై నిమిషాలు దాటేది కాదు.

తీశాక ఎలా ఉంచుతున్నారో రాయలేదు. బయట నాలుగు గంటలు ఉంటాయని అందరూ చెప్పేది 25 డిగ్రీల లోపు గదికి. ఫ్యాను కూడా లేని మీ రికార్డు రూములో, మన వైజాగ్ ఉక్కలో, ఆ లెక్క నమ్ముకోకండి. ఐస్ ప్యాకులు పెట్టిన చల్లసంచీలో వెంటనే పెట్టేస్తే 24 గంటల దాకా భయం లేదు. ఇంటికెళ్లగానే ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు. డోర్‌లో కాదు, లోపల వెనకవైపు. బాబు నోరు పెట్టి వదిలేసిన పాలు మాత్రం రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే. అందుకే 50, 60 చొప్పున చిన్నచిన్నగా నింపుకోండి, పారబోసేటప్పుడు ప్రాణం ఉసూరుమనదు.

ఇంకో మాట. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణలో పెట్టారు, మా ఆఫీసుకి అలాగే వచ్చింది. మీ బ్రాంచిలో అంతమంది ఉండకపోవచ్చు. కానీ బిడ్డకి పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకి రెండు పాల విరామాలు ఇవ్వాలని 1961 నాటి ఆ చట్టంలోనే ఉండేది, 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. కాబట్టి మీరు దొంగతనంగా వెళ్లక్కర్లేదు. మేనేజరు గారికి రెండు టైములూ రాసి, కాగితం మీద ఇవ్వండి. గడియ బాగు చేయించమని కూడా అందులోనే రాయండి.

కవలల తల్లి, గాజువాక

అందరికీ ఇరవై నిమిషాలే అనకండి. నా ధార మొదలవడానికే ఐదారు నిమిషాలు పట్టేది. మొత్తం ఇరవై ఐదు అయ్యేది, నొప్పి లేదు, పుండూ లేదు. మా చెల్లికి పన్నెండు నిమిషాల్లో అయిపోయేది. నర్సమ్మగారు చెప్పినట్టు ధారని చూసుకోండి. ఆ "వాస్తవం" గారికి: నా ఇద్దరిలో ఒకడికి డబ్బా పాలు కూడా పట్టాను, అవసరమై, డాక్టరు చెబితే. అందులో తప్పు లేదు. అడగనివాళ్లకి సలహా ఇవ్వడం మాత్రం తప్పే.

చిన్నిగాడి అమ్మ, కంచరపాలెం (పదకొండు రోజుల తర్వాత)

అందరికీ దండాలు. ఆలస్యంగా రాస్తున్నాను, వాడికి జలుబు.

మా ఆయన స్కూల్ జామెట్రీ బాక్సులో స్కేలు దొరికింది. కొలిస్తే ఎడమ 18, కుడి 16! ఇన్నాళ్లూ రెండింటికీ 24 తగిలించుకుని కుడివైపుని తిట్టుకున్నాను. గరాటు లోపల అమర్చే చిన్న సైజు ఇన్సర్టులు ఆన్‌లైన్లో తెప్పించాం. మొదటి రోజే కుడివైపు 30 కాస్తా 42 అయింది. నొప్పి లేదు.

ఇప్పుడు పదిహేడు, పద్దెనిమిది నిమిషాల్లో లేచిపోతున్నాను. పదకొండున్నరకి 95, మూడున్నరకి 85 వస్తున్నాయి. పొద్దున ఐదున్నరకి వాడు ఎడమవైపు తాగుతుంటే కుడివైపు పంపు పెట్టి, తర్వాత ఎడమవైపు కాసేపు పెడితే ఇంకో 90. మొత్తం 270. ఫ్రీజరు స్టాకు జోలికి వారం రోజులుగా పోలేదు.

అత్తయ్యకి 450 సంగతి చెప్పడమే కష్టమైంది. "పసివాడి పొట్ట కొడతావా?" అన్నారు. మూడు రోజులు విడతకి వంద చొప్పున పట్టించాం. కక్కడం తగ్గింది, తడి లంగోటీలు ఎప్పటిలాగే ఏడెనిమిది. ఇప్పుడు ఆవిడే పక్కింటావిడకి సీసా అడ్డంగా పట్టుకోవడం నేర్పుతున్నారు. పాలసొర పిట్టు మాత్రం ఆపొద్దని నేనే బతిమాలాను.

మామ్మా, సాక్సు తొడిగాను, వాడి పసుపు చొక్కా హ్యాండ్‌బ్యాగులో ఉంది. మొన్న కౌంటరులో పెన్ను కోసం చెయ్యి పెడితే చొక్కా బయటికొచ్చింది. ఎదురుగా ఉన్న పింఛను తాతగారు చూసి ఏమీ అనకుండా తన పెన్ను ఇచ్చారు.

కాగితం ఇచ్చాను. గడియ బాగైంది. ఫ్యాను "మంజూరుకి పంపాం" అన్నారు, అంటే వాడు బడికి వెళ్లేనాటికి వస్తుంది.

చివరిగా ఒక్కటి అడగాలి. ఆదివారం ఇంట్లోనే ఉంటాను కదా, ఆ రోజు కూడా పదకొండున్నరకీ మూడున్నరకీ పంపు పెట్టాలా?

పాత నర్సమ్మ, మహారాణిపేట

అక్కర్లేదు. ఆదివారం వాడికి వదిలెయ్, వాడికంటే మంచి పంపు లేదు. పొద్దున్న ఐదున్నర విడత ఒక్కటీ ఉంచుకో, ఓపికుంటేనే. ఎడమ 18, కుడి 16 అన్నావు, నెల తర్వాత మళ్లీ ఒకసారి కొలుచుకో. మారుతుంటాయి.