అప్‌డేట్: మిద్దె స్లాబు మీద హాఫ్‌సెల్ రీడింగు నిలవని సమస్య తీరింది (తిరుపతి)

మా పాతింటి మిద్దె మీద హాఫ్‌సెల్ (లోపలి కమ్మీకి తుప్పు పడుతోందా అని వోల్టేజీతో చూసే ఎలక్ట్రోడ్) పెడితే మిల్లీవోల్టులు నిలవకుండా పరిగెడుతున్నాయని అడిగాను కదా. సలహా ఇచ్చినోళ్లందరికీ థ్యాంక్స్. "కమ్మీని గీకి మెరిసినాక మీటరు క్లిప్పు పెట్టు, స్లాబు తడుపు" అని చెప్పిన అన్న మాటే నిజమైంది. నేను తుప్పు మీదే క్లిప్పు తగిలించినా! పైగా మన ఎండకి స్లాబు పెంకులా ఎండిపోయుంది. తడి గోనెపట్టా కప్పి అరగంటాగి చూస్తే అంకె కదల్లేదు. హాలు పైన -170 మిల్లీవోల్టులు, నీళ్ల ట్యాంకు పక్కన -420. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో -350 కంటే కిందికి పోతే తుప్పు పడుతుండే అవకాశం 90 శాతం పైనే. ఇంజనీరు అక్కడ కొట్టించి చూస్తే కమ్మీ పొరలు పొరలుగా ఊడొచ్చింది, కవరు (కమ్మీ మీది కాంక్రీటు మందం) గట్టిగా 12 మిల్లీమీటర్లు లేదు. తుప్పు కమ్మీని ఎంత తిన్నదో ఈ అంకె చెప్పదు, కొట్టి కొలవాల్సిందే. మీటరుదే తప్పనుకుని కొన్న కొత్త మల్టీమీటరు మాత్రం దండగ.