అప్‌డేట్: మా తమ్ముడు జైలు పని పథకంలో చేరాడు

హింసతో సంబంధం లేని నేరానికి శిక్ష అనుభవిస్తున్న మా తమ్ముడు జైలు పని పథకంలో చేరడం మంచిదేనా అని ఇంతకుముందు అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు, అతడు చేరాడు.

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2015లో ఆమోదించిన మండేలా నియమాలను, అంటే ఖైదీలతో ఎలా వ్యవహరించాలో చెప్పే కనీస ప్రమాణాలను, మీ సూచన మేరకు చదివాను. ఖైదీ పనికి న్యాయమైన ప్రతిఫలం ఉండాలని, అందులో కొంత కుటుంబానికి పంపుకునే వీలుండాలని, మరికొంత పొదుపుగా దాచి విడుదలనాడు చేతికివ్వాలని 103వ నియమం చెబుతోంది. ఆ పొదుపే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఖాళీ చేతులతో బయటికి వచ్చినవాడికి తొలి రోజులు గడవడమే కష్టం.

పనిలో గాయపడితే బయటి కార్మికులకు చట్టం ఇచ్చే పరిహారానికి తక్కువ కాకుండా దక్కాలని 101వ నియమం అంటోంది. దీని అమలు గురించి అధికారులను రాతపూర్వకంగా అడిగాం. జవాబు రావలసి ఉంది.