రావిలియస్ నీటిరంగుల్లో ఆ పొడి గీతలు ఎలా వస్తాయి?

ప్రశ్న: ఇంగ్లీషు చిత్రకారుడు ఎరిక్ రావిలియస్ (1903–1942) వేసిన ససెక్స్ (దక్షిణ ఇంగ్లండ్) కొండల బొమ్మల్లో రంగు పరిచినట్టు ఉండదు, సన్నని గీతలుగా ఉంటుంది. అలా వేయబోతే గీతలన్నీ కలిసి బురద మరకలా తేలుతున్నాయి. తప్పు కాగితానిదా, తడిదా?

జవాబు: తడిదేనండి. కుంచె రంగులో ముంచాక పాతగుడ్డకు అద్ది, చిత్తుకాగితం మీద గీసి చూడండి. గీత మధ్యలో తెల్లచుక్కలు మిగిలితే సరే. మొదటి పొర ఆరాకే రెండోది. వేలి వెనకవైపు ఆనిస్తే చల్లగా తగిలిందా, ఇంకా ఆరలేదనే. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల మందం రకం) ఉంటే అంతగా ఉబ్బదు.

జవాబు: ఇంకో మాట. ఆయన చెక్క మీద చెక్కి ముద్రలు వేసిన మనిషి. చెక్కలో తెలుపంటే తవ్వేసిన చోటు, నీటిరంగుల్లో వదిలేసిన కాగితం. అందుకే తెలుపు ఎక్కడుండాలో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తర్వాత తెల్లరంగు పూస్తే, నన్నడిగితే, ఆ వెలుగు చచ్చినట్టే.

జవాబు: బొమ్మ చెడితే చింపేయకండి. స్కాట్లండ్‌లోని అబర్డీన్ ఆర్ట్ గ్యాలరీలో ఉన్న ఆయన బొమ్మ 'ట్రెయిన్ ల్యాండ్‌స్కేప్' (1940) చూడండి: ఖాళీ మూడోతరగతి రైలుపెట్టె, తలుపు మీద 3 అంకె, కిటికీ అవతల కొండవాలు మీద చెక్కిన పెద్ద తెల్లగుర్రం ఆకారం. సరిగా కుదరని రెండు బొమ్మల ముక్కలు కోసి అతికించిందే అది. ఆ అతికింపులో ఆయన భార్య, తానూ చిత్రకారిణే అయిన టిర్జా గార్వుడ్ చేయి ఉంది.

ప్రశ్న అడిగినవారు: గుడ్డకు అద్దాక గీతలు విడివిడిగా నిలిచాయి. ఆకాశానికీ ఇదే పద్ధతా?

జవాబు: ముందు పల్చటి పూత, ఆరాక దాని మీద గీతలు.