రేట్ పారిటీ క్లాజు: సొంత వెబ్‌సైట్‌లో గది తక్కువకి పెట్టొచ్చా?

లాడ్జి కౌంటర్:
తిరుపతిలో 24 గదుల లాడ్జి. బుకింగ్ యాప్ రెన్యువల్ ఒప్పందంలో "ఆన్‌లైన్‌లో ఇంకెక్కడా ఇంతకన్నా తక్కువ రేటు ఉండకూడదు" అని ఉంది. గది 2,000, కమీషన్ 20 శాతం. సొంత వెబ్‌సైట్‌లో 1,700 పెట్టొచ్చా? ఇలాంటి రేట్ పారిటీ (ఎక్కడైనా ఒకే రేటు) షరతుల్ని సీసీఐ, అంటే కాంపిటీషన్ కమిషన్, కొట్టేసిందంటున్నారు, నిజమేనా?

పోటీ చట్టం:
సగం నిజమండి. 2022 అక్టోబర్ 19న సీసీఐ మేక్‌మైట్రిప్-గోఐబిబోకి 223.48 కోట్లు, ఓయోకి 168.88 కోట్లు జరిమానా వేసింది. కానీ పారిటీ తీసేయమన్న ఆదేశంలో "ఇతర బుకింగ్ సంస్థల విషయంలో" అన్న ముక్క ఉంది, దాన్ని వదిలేసి చదువుతారు అందరూ. పక్క యాప్‌లో తక్కువకి ఇవ్వకూడదనే వైడ్ పారిటీకే ఆ దెబ్బ. సొంత సైట్‌ని కట్టేసే నారో పారిటీకి నేరుగా తగలదు. పైగా ఆదేశం మేక్‌మైట్రిప్ గ్రూపు వరకే. మీది వేరే యాప్ అయితే పోటీ చట్టం సెక్షన్ 4 (ఆధిపత్య దుర్వినియోగం) కింద మార్కెట్‌లో దాని ఆధిపత్యం మళ్లీ మొదటినుంచి తేలాలి.

యూరప్‌లో డీఎంఏ (డిజిటల్ మార్కెట్స్ చట్టం) ఆర్టికల్ 5(3) గేట్‌కీపర్లుగా గుర్తించిన పెద్ద ప్లాట్‌ఫారాల విషయంలో రెండింటినీ నిషేధించింది. మన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు 2024 మార్చిలో ముసాయిదాగా వచ్చింది. దాన్ని నమ్ముకుని సంతకం పెట్టకండి.

జీఎస్టీ లెక్కలు:
లెక్క చూడండి. కమీషన్ 400, దాని మీద 18 శాతం జీఎస్టీ 72. చేతికొచ్చేది 1,528. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 లోపు గదులకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) లేకుండా 5 శాతం కాబట్టి ఆ 72 ఇక ఖర్చే. యాప్ మీ డబ్బులోంచి పట్టి ప్రభుత్వానికి కట్టే టీసీఎస్ 0.5 శాతం, అంటే పది రూపాయలు మాత్రం మీదే. జీఎస్టీ పోర్టల్‌లో యాక్సెప్ట్ చేస్తేనే అక్కడి మీ క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. 1,700కి నేరుగా అమ్మితే పేమెంట్ గేట్‌వే చార్జీ పోయినా మీకు మిగులే, గెస్టుకి 300 ఆదా.

పోటీ చట్టం:
ఫిర్యాదు దాకా వెళ్తే, సీసీఐకి సెక్షన్ 19 కింద, విషయం జరిగిన మూడేళ్లలోపు. "కమీషన్ ఎక్కువ", "బకాయి ఇవ్వలేదు" అని రాస్తే వ్యాపార తగాదా అంటూ 26(2) కింద మూసేస్తారు. షరతు వల్ల పోటీ యాప్‌లకీ గెస్టులకీ జరిగే నష్టం చూపాలి. ఒప్పందం పాతదీ కొత్తదీ, రేటు మార్చమన్న మెయిళ్లు, ర్యాంకు పడిపోయిన రోజుకి ముందూ వెనకా తేదీ కనిపించే స్క్రీన్‌షాట్లు దాచండి. లిస్టింగే తీసేస్తే సెక్షన్ 33 కింద మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. ఒక్క లాడ్జికన్నా హోటళ్ల సంఘం పేరుతో వేస్తే బరువుంటుంది.

ముందు క్లాజులో "రేటు" నిర్వచనం చూడండి.

లాడ్జి కౌంటర్:
"అందరికీ కనిపించే ఆన్‌లైన్ రేటు" అని ఉంది. లాగిన్ అయితేనే కనిపించే మెంబర్ రేటు పెడితే?

పోటీ చట్టం:
ఆ మాటల ప్రకారం అది క్లాజుకి బయటే. ఫోన్‌లో, కౌంటర్‌లో చెప్పే రేటూ అంతే. కాకపోతే చానెల్ మేనేజర్‌లో (అన్ని సైట్లకీ రేట్లు పంపే సాఫ్ట్‌వేర్) ఆ రేట్ ప్లాన్ గూగుల్ హోటల్స్‌కి వెళ్లకుండా ఆపండి. దొరికిపోయేది ఎక్కువగా అక్కడే.