అక్షరాలు పెద్దవి చేస్తే ఒత్తులు తెగిపోతున్నాయి: ఫోన్ కీబోర్డు, డిస్‌ప్లే ఎలా సర్దాలి?

సీతమ్మధార_వాసి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి ఫోన్ సర్దాలి. ఆండ్రాయిడ్ 14. అపార్ట్‌మెంట్ సంఘం పనులు ఆయనే చూస్తారు. నోటీసులు వాట్సాప్‌లోనూ, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళకు ఎస్సెమ్మెస్‌లోనూ పంపుతారు, అన్నీ తెలుగులోనే.

కళ్ళకు ఆనాలని ఫాంట్ సైజు చివరిదాకా జరిపితే కొన్ని యాప్‌లలో ఒత్తులు కింద తెగిపోతున్నాయి. “రాష్ట్రం” అని ఉన్నచోట ట ఒత్తు సగమే, దాని కింద ర ఒత్తు అసలే లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే “కళ” కావాల్సినచోట “కల” పడుతోంది. ఫోన్ మొత్తం తెలుగులోకి మారిస్తే బ్యాంకు యాప్ మెనూలు ఆయనకు కొత్తగా ఉన్నాయట, ఇంగ్లిష్‌లోనే అలవాటు. వాట్సాప్ మాత్రం తెలుగులో కావాలి. పొద్దున విశాఖ బీచ్ రోడ్డులో నడుస్తున్నప్పుడు తెర మీద ఏమీ కనబడదంటున్నారు. ప్లే స్టోర్‌లో తెలుగు కీబోర్డులని బోలెడున్నాయి, వాటిలో ఏదైనా వేయమంటారా?

గాజువాక_టెక్నీషియన్:

ముందు ఒత్తుల సంగతి చూద్దాం. మిగతావి చిన్నవి.

ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు రెండూ ఒకటే పని చేస్తాయనుకుని అందరూ మొదటిదాన్నే జరుపుతారు. యాప్ తయారుచేసేవాళ్ళు కొలతలు రెండు రకాలుగా రాస్తారండి. పెట్టెలకూ బటన్లకూ డీపీ అనే కొలత, అక్షరాలకు ఎస్పీ అనే కొలత. మీరు ఫాంట్ సైజు పెంచితే ఎస్పీ మాత్రమే పెరుగుతుంది. బటన్ ఎత్తును డీపీలో బిగించేసిన యాప్‌లో అక్షరం ఎదుగుతుంది గానీ పెట్టె ఎదగదు. ఇంగ్లిష్ అక్షరాలకు కిందకు దిగే భాగం తక్కువ కాబట్టి వాటికి ఇబ్బంది అంతగా తెలియదు. మనకు పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఇంకో ఒత్తు. అందుకే “రాష్ట్రం”, “స్త్రీ”, “శాస్త్రి” లాంటి మాటలే ముందు దెబ్బతింటాయి.

డిస్‌ప్లే సైజు పెంచితే డీపీనే పెద్దదవుతుంది. పెట్టె, బొమ్మ, అక్షరం అన్నీ కలిసి పెరుగుతాయి కనుక ఒత్తు తెగదు. దీనివల్ల నష్టమల్లా తెర మీద ఒకసారికి పట్టే వరసలు తగ్గడం, కాస్త ఎక్కువసార్లు పైకి జరపాల్సి రావడం.

చేయాల్సింది ఇది. సెట్టింగ్స్, డిస్‌ప్లే, “డిస్‌ప్లే సైజ్ అండ్ టెక్స్ట్” తెరవండి. ఫాంట్ సైజును మామూలు మెట్టుకు తెచ్చేయండి. డిస్‌ప్లే సైజును ఒక మెట్టు పెంచి, ఆయన రోజూ వాడే యాప్‌లు రెండు మూడు తెరిచి చూడండి. చాలకపోతే ఇంకో మెట్టు. అది కూడా చాలకపోతే అప్పుడు ఫాంట్ సైజు ఒక మెట్టు, అంతకు మించి వద్దు. శామ్‌సంగ్‌లో ఇవి విడివిడిగా ఉంటాయి: డిస్‌ప్లేలోనే “స్క్రీన్ జూమ్” ఒకటి, “ఫాంట్ సైజ్ అండ్ స్టైల్” ఇంకొకటి. వేరే కంపెనీ ఫోనయితే సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో “డిస్‌ప్లే సైజ్” అని ఇంగ్లిష్‌లో కొట్టండి, నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది.

ఆండ్రాయిడ్ 14 నుంచి ఫాంట్ 200 శాతం దాకా వెళ్తుంది. అంతకుముందు పిక్సెల్ ఫోన్లలో 130 శాతమే హద్దు. పెద్ద శీర్షికలు మరీ ఉబ్బిపోకుండా వాటిని తక్కువగా, చిన్న అక్షరాలను ఎక్కువగా పెంచే ఏర్పాటు కూడా ఇందులోనే వచ్చింది. కానీ 200 శాతంలో తెలుగు ఎలా ఉంటుందో ప్రతి యాప్ వాళ్ళూ చూసి ఉండరు. స్లైడర్ చివరిదాకా వెళ్తుంది కదా అని చివర పెట్టకండి.

వాట్సాప్ మాటలు మాత్రం ఇంకా పెద్దవి కావాలంటే వాట్సాప్ సెట్టింగ్స్, చాట్స్, ఫాంట్ సైజ్, లార్జ్. అది చాట్‌లకే వర్తిస్తుంది. క్రోమ్‌లోనూ సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలో పేజీల జూమ్ విడిగా ఉంది.

ఇంకో మూడు విషయాలు సరిచూడండి.

బోల్డ్ టెక్స్ట్ ఇంగ్లిష్‌కు బావుంటుంది. తెలుగులో చిన్న అక్షరాల మీద పెడితే ఒత్తుల లోపలి ఖాళీలు పూడిపోయి ద, ధ తేడా తెలియదు. అక్షరం పెద్దదయ్యాక కావాలంటే పెట్టి చూడండి.

థీమ్ స్టోర్ నుంచి దించిన అందమైన ఫాంట్లలో చాలావాటికి తెలుగు అక్షరాలే ఉండవు. ఇంగ్లిష్ ఆ ఫాంట్‌లో, తెలుగు ఫోన్ సొంత ఫాంట్‌లో వచ్చి వరసలు ఎగుడుదిగుడుగా కనబడతాయి. డిఫాల్ట్ ఫాంట్‌కు వెళ్ళిపోండి.

యాక్సెసిబిలిటీలో మ్యాగ్నిఫికేషన్‌కు “ట్రిపుల్ ట్యాప్” పెట్టి ఉంటే తీసేయండి. మూడో నొక్కు వస్తుందేమోనని ఫోన్ ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతుంది. పెద్దవాళ్ళ ఫోన్ నెమ్మదించిందని తెచ్చేవాళ్ళలో కొందరిది ఇదే. భూతద్దం కావాలంటే పక్కన బటన్ వచ్చేలా పెట్టుకోవచ్చు.

గుణింతం:

కీబోర్డు సంగతి నేను చెప్తాను. కొత్త యాప్ ఏదీ వేయకండి. గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డ్ చాలు. కీబోర్డు యాప్ అంటే మనం కొట్టే ప్రతి అక్షరం దాని గుండానే వెళ్తుంది. కొత్తది ఆన్ చేసేటప్పుడు ఫోన్ ఆ హెచ్చరిక చూపిస్తుంది కూడా, ఎవరూ చదవరు. రంగురంగుల థీములు, మధ్యలో ప్రకటనలు చూపే కీబోర్డు మీద సంఘం లెక్కలూ, బ్యాంకు వివరాలూ కొట్టించడం ఎందుకు?

సెట్టింగ్స్, సిస్టమ్, కీబోర్డ్, ఆన్‌స్క్రీన్ కీబోర్డ్, జీబోర్డ్, లాంగ్వేజెస్, యాడ్ కీబోర్డ్, తెలుగు. ఇక్కడ తొందరపడకండి. తెలుగు నొక్కగానే పైన రకాలు వరసగా వస్తాయి: నేరుగా తెలుగు అక్షరాల అమరిక, “ఏబీసీ” అని ఉన్న ఇంగ్లిష్ అక్షరాల పద్ధతి, వేలితో రాసేది. కావాల్సినవాటికి టిక్కు పెట్టి డన్ నొక్కాలి. ఒకటి కన్నా ఎక్కువ ఎంచుకోవచ్చు. శామ్‌సంగ్ అయితే జనరల్ మేనేజ్‌మెంట్‌లో “కీబోర్డ్ లిస్ట్ అండ్ డిఫాల్ట్” దగ్గర జీబోర్డ్‌ను డిఫాల్ట్ చేయండి. లేకపోతే ఇదంతా చేసినా పాత కీబోర్డే పైకొస్తుంది.

భాష మార్చడానికి స్పేస్ బార్ నొక్కిపట్టుకుంటే జాబితా వస్తుంది. పెద్దవాళ్ళకు నొక్కిపట్టడం కష్టం. జీబోర్డ్ ప్రిఫరెన్సెస్‌లో “షో లాంగ్వేజ్ స్విచ్ కీ” ఆన్ చేస్తే భూగోళం గుర్తు వస్తుంది, ఒక్కసారి తాకితే భాష మారుతుంది. జాబితాలో ఇంగ్లిష్ ఒకటి, తెలుగు ఒకటి, రెండే ఉంచండి. మూడోది ఉంటే తాకినప్పుడల్లా ఎక్కడికి వెళ్తున్నామో తెలియదు. అదే ప్రిఫరెన్సెస్‌లో “కీబోర్డ్ హైట్” కూడా పెంచండి. తెలుగు అమరికలో కీలు ఎక్కువ, ఒక్కోటి ఇరుకు.

“కల”, “కళ” గొడవకు కారణం సులువు. ఇంగ్లిష్‌లో ఎల్ ఒక్కటే, మనకు ల, ళ రెండు. టికి త, ట. డికి ద, డ. ఎన్‌కి న, ణ. ఒకే స్పెల్లింగుకు రెండు మూడు మాటలు కుదురుతాయి. ఎక్కువమంది వాడేది ఏదో కీబోర్డు ఊహించి, స్పేస్ కొట్టగానే అది దించేస్తుంది. స్పేస్ కొట్టేముందు పైన సూచనల వరస చూసి కావాల్సినదాన్ని తాకాలి. రోజూ వాడే మాటలకు ఇంకో దారి ఉంది: జీబోర్డ్‌లో డిక్షనరీ, పర్సనల్ డిక్షనరీ, భాష ఎంచుకుని కూడిక గుర్తు. పైన పూర్తి మాట, కింద దానికి బదులు కొట్టే చిన్న గుర్తు. “కార్యవర్గ సమావేశం” లాంటిది రెండక్షరాల గుర్తుకు కట్టిపెట్టొచ్చు.

నా సలహా మాత్రం తెలుగు అమరికే. మీ నాన్నగారికి గుణింతం వచ్చు కదా, ఆ క్రమమే ఇక్కడ పనికొస్తుంది. హల్లు, తర్వాత గుణింతపు గుర్తు. ఒత్తు కావాలంటే హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు. “మద్దిలపాలెం” ఇలా వస్తుంది: మ, ద, పొల్లు, ద, గుడి, ల, ప, దీర్ఘం, ల, ఎత్వం, సున్న. పదకొండు నొక్కులు, ఊహించే పని కీబోర్డుకు లేదు. చెరిపేటప్పుడు కూడా ఇదే వెనక నుంచి, ఒక్కో గుర్తు పోతుంది. అక్షరం సగం చెరిగినట్టు కనబడితే కంగారు పడొద్దని చెప్పండి.

అప్పూఘర్_నడక:

గుణింతం గారితో ఒక్కచోట ఏకీభవించను. ఏళ్ళ తరబడి ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టినవారిని అరవై దాటాక కొత్త అమరికకు మార్చితే నోటీసులు రాయడమే మానేస్తారు. ఆ పద్ధతే ఉంచి, పక్కన మైకు నేర్పండి. తెలుగులో గొంతు టైపింగ్ 2017 నుంచి ఉంది. కీబోర్డు తెలుగులో ఉండగా మైకు తాకాలి, ఇంగ్లిష్‌లో ఉండగా తాకితే తెలుగు మాటలకు ఇంగ్లిష్ మాటలు పేరుస్తుంది. జీబోర్డ్ వాయిస్ టైపింగ్‌లో భాషల కింద తెలుగు ఉందో లేదో చూడండి. పేర్లూ, ఫ్లాట్ నంబర్లూ చెప్పాక ఒకసారి చదివి పంపమనండి, తప్పులు ఎక్కువగా పడేది అక్కడే.

అలాగే ఇంగ్లిష్ కీబోర్డులో ఉండి “మీరు”, “రేపు” అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే అలవాటుంటే, టెక్స్ట్ కరెక్షన్‌లో ఆటో కరెక్షన్ ఆపేయండి. లేకపోతే స్పేస్ కొట్టగానే ఏదో ఇంగ్లిష్ మాటగా దిద్దేస్తుంది.

ఇక బీచ్ రోడ్డు. మనకు సముద్రం తూర్పున, పొద్దుటి ఎండ నీళ్ళ మీద నుంచి నేరుగా వస్తుంది. చాలా ఫోన్లు తమ పూర్తి వెలుగును ఆటో బ్రైట్‌నెస్ ఆన్‌లో ఉండి ఎండ పడినప్పుడే ఇస్తాయి. చేత్తో స్లైడర్ చివరిదాకా జరిపినా అంత వెలుగు రాదు. కాబట్టి “అడాప్టివ్ బ్రైట్‌నెస్” ఆన్ చేయండి. ఆన్‌లో ఉన్నా పెరగకపోతే పైన కెమెరా పక్కన టెంపర్డ్ గ్లాస్ అంచు చూడండి. వెలుగు కొలిచే సెన్సర్ మీద గ్లాస్ నల్ల అంచు గానీ, జిగురు గానీ పడి ఉంటే ఫోన్ చీకట్లో ఉన్నాననుకుంటుంది.

త్వరిత సెట్టింగుల్లో “ఎక్స్‌ట్రా డిమ్” ఆన్‌లో ఉందేమో చూడండి, రాత్రి చేయి తగిలి ఆన్ అయిపోతుంది. బయట ఉన్నంతసేపు డార్క్ థీమ్ ఆపండి, నల్ల తెర మీద ఎండ ప్రతిబింబమే కనబడుతుంది. ఆయన పోలరాయిడ్ చల్లద్దాలు పెట్టుకుంటే ఫోన్‌ను అడ్డంగా తిప్పి చూడమనండి. కొన్ని తెరలు ఆ అద్దాల్లోంచి ఒక కోణంలో నల్లబడతాయి, తిప్పగానే వెలుగొస్తే లోపం ఫోన్‌ది కాదు. ఎండలో చాలాసేపు వాడి ఫోన్ వేడెక్కితే తనంతట తనే వెలుగు తగ్గించుకుంటుంది. జేబులో పెట్టి నీడకు చేరితే సరి, ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల తేమ పేరుకుంటుంది.

సీతమ్మధార_వాసి:

చాలా థాంక్సండి. ఫాంట్ మామూలుకు తెచ్చి డిస్‌ప్లే సైజు రెండు మెట్లు పెంచాను, ర ఒత్తు తిరిగొచ్చింది. వాట్సాప్ ఒక్కటి తెలుగులో పెట్టడం ఎలాగో ఎవరైనా చెప్పగలరా? తెలుగు ఎస్సెమ్మెస్ ఒకటి పంపితే రెండు మూడింటికి కోత పడుతోంది, అదేమిటి? ఇంకోటి, “ఫోన్‌లో” అని కొడితే “ఫోన్లో” వస్తోంది.

గుణింతం:

ఆండ్రాయిడ్ 13 నుంచి యాప్‌కు విడిగా భాష పెట్టొచ్చు. సెట్టింగ్స్, సిస్టమ్, లాంగ్వేజెస్, యాప్ లాంగ్వేజెస్, వాట్సాప్, తెలుగు. శామ్‌సంగ్‌లో ఇది జనరల్ మేనేజ్‌మెంట్ కింద ఉంటుంది. ఫోన్ భాష ఇంగ్లిష్‌లోనే ఉంచండి, బ్యాంకు యాప్ ముట్టుకోనక్కర్లేదు. జాబితాలో ఒక యాప్ కనబడలేదంటే ఆ యాప్ వాళ్ళు ఆ వీలు కల్పించలేదని అర్థం. వాట్సాప్ సొంత సెట్టింగ్స్‌లోనూ “యాప్ లాంగ్వేజ్” ఉంది. ఇంట్లో ఐఫోన్ ఉన్నవాళ్ళకు: సెట్టింగ్స్‌లో కిందకు వెళ్ళి (ఐఓఎస్ 18 నుంచి ముందు “యాప్స్” తాకి) ఆ యాప్ పేరు తాకితే “ప్రిఫర్డ్ లాంగ్వేజ్” కనబడుతుంది. తెలుగు కీబోర్డు అయితే జనరల్, కీబోర్డ్, కీబోర్డ్స్, యాడ్ న్యూ కీబోర్డ్.

“ఫోన్‌లో” అని రాయడానికి న్, లో మధ్య కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటుండాలి. అది లేకపోతే ల వెళ్ళి న కింద ఒత్తవుతుంది. నా ఈ వాక్యంలోని “ఫోన్‌లో” కాపీ చేసి పర్సనల్ డిక్షనరీలో పేస్ట్ చేసి చిన్న గుర్తు కట్టండి. ఆ కనబడని గుర్తు కూడా దాంతోపాటే వస్తుంది. “ఆఫీస్‌లో”, “గేట్‌దగ్గర” లాంటివి కూడా ఇలాగే ఒకసారి దాచుకోవచ్చు.

గాజువాక_టెక్నీషియన్:

ఎస్సెమ్మెస్ కోతకు కారణం లిపి. ఇంగ్లిష్ అక్షరాలతో ఒక సందేశంలో 160 పడతాయి. తెలుగు ఒక్క అక్షరం చేరినా సందేశం మొత్తం అన్ని లిపులకూ పనికొచ్చే యూనికోడ్‌లోకి మారి హద్దు 70కి పడిపోతుంది. 70 దాటితే ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకు 67 మాత్రమే, మిగతాది ముక్కలను అతికించే సమాచారానికి పోతుంది. ప్రతి ముక్కకూ ఒక సందేశం ఛార్జీ.

లెక్కపెట్టేది కంటికి కనబడే అక్షరాలను కాదు. గుడి, కొమ్ము, పొల్లు, సున్న ఒక్కోటి ఒక్కో లెక్క, ఖాళీ కూడా. “విశాఖపట్నం” చదవడానికి ఐదక్షరాలు, లెక్కకు పది. గుణింతం గారు చెప్పిన కనబడని గుర్తూ ఒకటే, ఎమోజీ అయితే చాలావాటికి రెండు, కొన్నిటికి ఇంకా ఎక్కువ.

“రేపు ఉదయం 7 నుంచి 9 వరకు నీళ్ళు రావు” అంటే 36. ఇంకా 34 మిగిలాయి, బ్లాక్ పేరు కూడా పట్టేస్తుంది. “గౌరవనీయులైన ఫ్లాట్ యజమానులకు నమస్కారం” అని మొదలుపెట్టి అదే విషయం రాస్తే 70 దాటిపోతుంది. ఆ నమస్కారాలు వాట్సాప్ నోటీసులో ఉంచి, ఎస్సెమ్మెస్‌లో సమయం, విషయం, సంఘం పేరు ఇంతే పెట్టమనండి.